హత్య, ఖూనీ, మర్డర్... కేసు కాగితాల్లో ఏ మాటకు ఏ అర్థం?

పడమటిగాలి: మా బంధువు ఒకాయన పొలం దగ్గర చనిపోయి కనిపించారు. ఊరంతా మర్డర్ అంటుంటే ఎఫ్ఐఆర్‌లో మాత్రం ‘అనుమానాస్పద మృతి’ అని రాశారు. కేసు నీరుగార్చేస్తున్నారని మాకు ఒకటే టెన్షన్. తర్వాత అదే కేసు హత్య కేసు అయింది. ఇలా ఎందుకు మారుతుంది? ఎవరికైనా అనుభవం ఉందా?

పాత_రైటర్: నేను స్టేషన్ రైటర్‌గా చేసి రిటైరయ్యాను. చావుకి కారణం తేలనప్పుడు ముందు ‘అనుమానాస్పద మృతి’ అనే కడతారు. మా రోజుల్లో పాత సీఆర్పీసీ సెక్షన్‌ను బట్టి దాన్ని ‘174 కేసు’ అనేవాళ్లం, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, కేసు ఎలా నడపాలో చెప్పేది) సెక్షన్ 194. పోస్టుమార్టం రిపోర్టులో గొంతు నులిమినట్టో, తల మీద దెబ్బ వల్లనో అని వస్తే సెక్షన్ మార్చి కోర్టుకు ఆల్టరేషన్ మెమో పంపుతాం. క్రైమ్ నంబరు మాత్రం అదే ఉంటుంది. కాబట్టి మొదటి మాట చూసి కేసు పోయిందనుకోకండి. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యకు బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం, నేరాలూ శిక్షలూ చెప్పేది) సెక్షన్ 103 పెడతారు. అయినా స్టేషన్లో పాతవాళ్ల నోట ఇంకా ఐపీసీ హత్య సెక్షనే, ‘302 పడింది’ అనే వస్తుంది.

డెస్క్‌మనిషి: పేపర్లో పనిచేస్తాను. ‘ఖూనీ’ అన్న మాట క్రైమ్ పేజీలో దాదాపు కనిపించడం లేదు, రాజకీయ పేజీకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఖూనీ అయ్యేది ప్రజాస్వామ్యమే. మాకు అసలు చిక్కు ‘హంతకుడు’ దగ్గర. తీర్పు వచ్చేదాకా ‘నిందితుడు’ అనే రాయాలి, శిక్ష పడ్డాకే ‘దోషి’. అరెస్టయిన రోజే ‘హంతకుడు దొరికాడు’ అని హెడ్డింగ్ పెట్టి, తర్వాత అతను నిర్దోషిగా బయటికొస్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు వేస్తారు. చాలా అన్యాయం.

సందేహాలరావు: మరి ముద్దాయి అంటే దోషి కాదా?

నల్లకోటు: కాదండీ. మన కోర్టుల్లో ముద్దాయి అంటే కేసు ఎదుర్కొంటున్నవాడు, అంతే. తమాషా ఏంటంటే ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, మన దగ్గరికొచ్చేసరికి తిరగబడింది. జనం గందరగోళపడే ఇంకో మాట దోపిడీ. తాళం పగలగొట్టి ఖాళీ ఇంట్లో నగలు ఎత్తుకెళ్తే అది దొంగతనమే. కత్తి చూపించి, కొట్టి లాక్కుంటే దోపిడీ. అదే పని ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేస్తే బందిపోటు దొంగతనం, శిక్ష యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. మా క్లయింట్ ఒకావిడ ఫిర్యాదులో ‘ముగ్గురు దొంగలు వచ్చి ఎత్తుకుపోయారు’ అని మాత్రమే రాశారు. వాళ్లు మెడ మీద కత్తి పెట్టిన సంగతి నేను అడిగితే గానీ చెప్పలేదు! ఆ ఒక్క వాక్యంతో సెక్షనే మారిపోతుంది. ఫిర్యాదులో నేరం పేరు మీరు పెట్టక్కర్లేదు, జరిగింది జరిగినట్టు రాయండి చాలు.

మల్లెతీగ: ‘మానభంగం’ అన్న మాట తగ్గిపోయినందుకు నాకు సంతోషం. ‘అత్యాచారం’ అంటే తప్పు చేసినవాడి మీద ఉంటుంది, ‘మానభంగం’ అంటే పోయింది ఆమె మానమే అన్నట్టు ఉంటుంది. మా వీధిలో ఇప్పటికీ ‘పాడుచేశాడు’ అంటారు, వింటుంటే ఒళ్లు మండుతుంది.

డెస్క్‌మనిషి: నిజమే. ‘అఘాయిత్యం’తో ఇంకో తలనొప్పి. అత్యాచారానికీ అదే, ఆత్మహత్యకీ అదే. ‘యువతిపై’ అని ఉంటే ఒకటి, ‘యువతి’ అని ఉంటే ఇంకొకటి. నేనైతే ఆ మాట కొట్టేస్తాను. ఇక బాధితురాలి పేరు, ఆచూకీ తెలిసేలా రాయడమే నేరం, బీఎన్ఎస్ 72.

సందేహాలరావు: మోసం సెక్షన్ 318 అయ్యిందట. ఇకనుంచి ‘త్రీ ఎయిటీన్ గాడు’ అని తిట్టాలా?

పాత_రైటర్: మీరు మొదలుపెట్టండి, మేం మాత్రం ఫోర్ ట్వంటీ వదలం.

పడమటిగాలి: రైటర్ గారూ, ఆ మెమో కాపీ మాకు ఇస్తారా?

నల్లకోటు: ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మెమో కోర్టులో ఉంటుంది కాబట్టి మీ లాయరుతో కాపీ అప్లికేషన్ వేయించండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పాలని కొత్త చట్టంలో ఉంది, స్టేషన్లో అదీ అడగండి.