మలేరియా టీకాకు హెచ్‌ఎస్‌పీ-70 పనికొస్తుందా?

సూక్ష్మదర్శిని:
దోమ ఒంట్లోంచి మలేరియా పరాన్నజీవి నేరుగా 37 డిగ్రీల మన ఒంట్లోకి వచ్చిపడుతుంది. జ్వరం ముదిరితే వేడి 40 దాటుతుంది. అంత వేడిలో దాని ప్రోటీన్ల మడతలు చెదిరిపోకుండా కాచేది హెచ్‌ఎస్‌పీ-70 అనే హీట్ షాక్ ప్రోటీన్. జబ్బు సోకినవారి రక్తంలో దీనికి యాంటీబాడీలు (దీన్ని గుర్తుపట్టి అంటుకునే రక్షణ ప్రోటీన్లు) ఉంటాయని 1980లలోనే తేలింది. మిగతా యాంటీజెన్లు, అంటే మన రోగనిరోధక శక్తి గుర్తుపట్టే పరాన్నజీవి భాగాలు, చాలావరకు రూపం మార్చి తప్పించుకుంటాయి, ఇది మాత్రం అంతగా మారదు. అయినా టీకాకు పనికిరాదని దీన్ని పక్కన పెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

ఎర్రకణం:
మారకపోవడంతోనే చిక్కు వచ్చింది. మన కణాల్లోని హెచ్‌ఎస్‌పీ-70కి కూడా ఇది బాగా దగ్గరి పోలిక. టీకా వేసి మన ప్రోటీన్ మీదకే రోగనిరోధక శక్తిని ఉసిగొల్పితే ఎవరు బాధ్యులు? పైగా రక్తదశలో, అంటే పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో పెరిగేటప్పుడు, ఇది ప్రధానంగా పరాన్నజీవి లోపల ఉంటుంది. ఎర్ర రక్తకణం పగిలినప్పుడు బయటపడుతుంది, అప్పుడు యాంటీబాడీలు పుడతాయి. అవి జబ్బు వచ్చిందనడానికి గుర్తు మాత్రమే, కాపాడాయనడానికి కాదు.

సూక్ష్మదర్శిని:
పోలిక అంతటా ఒకేలా లేదండీ. ఈ ప్రోటీన్ గొలుసు చివరనున్న తోక భాగం చూడండి. గ్లైసిన్, గ్లైసిన్, మెథియోనిన్, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాల వరుస ఫాల్సిపేరం అనే మలేరియా పరాన్నజీవి ప్రోటీన్‌లో పదేపదే వస్తుంది, మన దాంట్లో అంతగా రాదు. ఆ ముక్క ఒక్కటే తీసుకోవచ్చు కదా? ఇక లోపల ఉందన్న అభ్యంతరం రక్తంలోకి రాకముందు పరాన్నజీవి కాలేయ కణాల్లో పెరిగే కాలేయ దశకు అంతగా వర్తించదు. కాలేయ కణం తన లోపలి ప్రోటీన్ల ముక్కలను పైన చూపిస్తుంది, టి కణాలు అనే రక్షణ కణాలు వాటిని పట్టుకోగలవు.

ఎర్రకణం:
తోక మాట ఒప్పుకుంటాను, అది పరీక్షించదగ్గదే. కానీ ఆర్‌టీఎస్,ఎస్ అనే మలేరియా టీకా సంగతి గుర్తుంచుకోండి. దాని లక్ష్యం స్పోరోజాయిట్ (దోమ మన ఒంట్లోకి ఎక్కించే పరాన్నజీవి రూపం) పైపొరలో, యాంటీబాడీకి నేరుగా తగిలే చోట ఉంటుంది. అయినా పిల్లలపై జరిగిన పరీక్షలో నాలుగు డోసులకు నాలుగేళ్లలో కేసులు 36 శాతమే తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని సిఫారసు చేసింది, చేయాల్సిందే. ఏటా లక్షల ప్రాణాలు పోతున్నప్పుడు ఆ మాత్రం కూడా పెద్ద మేలే. అలాంటిది లోపల దాగిన ప్రోటీన్ అంతకు మించి కాపాడుతుందనడానికి ఆధారమేది?

దోమతెర:
మందుల వైపు ఎవరూ చూడరేం? ప్రయోగశాలలో జెల్డానమైసిన్ అనే రసాయనంతో హెచ్‌ఎస్‌పీ-90 అనే మరో హీట్ షాక్ ప్రోటీన్‌ని అడ్డుకుంటే పరాన్నజీవి పెరుగుదల ఆగింది.

సూక్ష్మదర్శిని:
మందులు కావాలి, టీకా కూడా కావాలి. ఎర్రకణం గారూ, తోక మీది యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న పిల్లలకు తర్వాతి సీజన్‌లో జ్వరాలు తగ్గాయని చూపితే మీ మాట మారుతుందా?

ఎర్రకణం:
మారుతుంది. ఆ పిల్లల్లో మిగతా యాంటీజెన్ల మీది యాంటీబాడీలను కూడా కొలిచి, వాటి ప్రభావం తీసేసి చూపాలి.