ఐరన్‌వర్కర్ కావాలంటే ముందు వెల్డింగ్ స్కూలా, నేరుగా యూనియన్ అప్రెంటిస్‌షిప్పా?

ఉక్కుదూలం:
అమెరికాలో ఈ పనిలోకి, అంటే కట్టడాలకు ఉక్కు దూలాలు నిలబెట్టి బిగించే పనిలోకి, రావాలంటే ముందు సొంత డబ్బుతో వెల్డింగ్ స్కూల్లో చేరమంటున్నారు. నేను వద్దంటాను. యూనియన్ అప్రెంటిస్‌షిప్ మూడు నాలుగేళ్ళు. సైటులో జీతానికి పని, ఏడాదికి కనీసం 204 గంటల క్లాసులు. మొదట్లో పూర్తి పనివాడి కూలిలో ఇంచుమించు సగమే ఇచ్చినా మెట్టుమెట్టుగా పెరుగుతుంది. వెల్డింగ్ అందులో ఒక పాలే. రిగ్గింగ్ (క్రేన్‌కు బరువులు కట్టి ఎత్తించడం), బోల్టింగ్, కాంక్రీటు కడ్డీలు కట్టడం వెల్డింగ్ స్కూల్లో ఎవరు నేర్పుతారు?

నిప్పురవ్వ:
అన్నా, దరఖాస్తు, పరీక్ష, ఇంటర్వ్యూ అయ్యాక జాబితాలో పేరు ఎక్కుతుంది. లోకల్‌కు, అంటే యూనియన్ స్థానిక శాఖకు, పనులుంటేనే పిలుపు. ఆ ఖాళీ నెలల్లో నిలువు వెల్డు 3జీ, తలపైన వేసే 4జీ నేర్చుకుంటే తప్పేముంది? పరీక్షకు ఇచ్చేది 3/8 అంగుళం ప్లేటు, 45 డిగ్రీల గాడి, అడుగున పావు అంగుళం సందు, వెనక పట్టీ. తేలిగ్గా కనిపిస్తుంది గానీ, మొదటి పాస్‌లో (వెల్డు మొదటి వరసలో) ప్లేటు అంచు పట్టీని కలిసే మూలలో స్లాగ్, అంటే వెల్డు మీద గట్టిపడే మడ్డి, ఇరుక్కుంటుంది. గీకకుండా పైన ఇంకో పాస్ వేస్తే, వంచి చూసినప్పుడు అక్కడే తెరుచుకుంటుంది. ఒక్క పగులు 1/8 అంగుళం దాటినా ఫెయిల్. చేతికి ఆ అలవాటు పడటానికి నెలలు పడుతుంది.

ఉక్కుదూలం:
పాసైనా నిలవదు తమ్ముడూ. ఉక్కు కట్టడాల వెల్డింగ్‌కు అమెరికాలో పాటించే డీ1.1 నిబంధన ప్రకారం, పాసైన ఆ వెల్డింగ్ పద్ధతిలో ఆరు నెలలకు మించి వెల్డింగ్ చేయకపోతే అర్హత పోతుంది. పిలుపు ఆలస్యమైతే కట్టిన ఫీజు ఏమైనట్టు? పైగా 7018 రకం వెల్డింగ్ రాడ్డును వేడిగా ఉంచే ఓవెన్ నుంచి తీసి నాలుగు గంటలు దాటితే తేమ పీల్చి వెల్డు పగిలే ప్రమాదం. ఆ జాగ్రత్త ఎత్తు మీద, గాలిలో పాటించడం సైటులోనే వస్తుంది.

బోల్టుసంచి:
ఇద్దరూ వెల్డింగ్ దగ్గరే ఆగిపోయారు. కొత్తవాడి చేతికి ముందు వచ్చేది స్పడ్ రెంచ్, ఒక చివర మొనదేలిన పానా. దాని మొనతో రంధ్రాలు కలిపి బోల్టు దూర్చాలి. మామూలు బీమ్‌కు ప్రతి చివరా కనీసం రెండు బోల్టులు రెంచ్‌తో బిగించాకే క్రేన్ తాడు వదలాలి, అది ఓషా (అమెరికా ప్రభుత్వ కార్మిక భద్రతా సంస్థ) నియమం. తర్వాత అసలు బిగింపు. ముప్పావు అంగుళం బోల్టు 3 అంగుళాల పొడవు దాకా ఉంటే ప్లేట్లు పూర్తిగా ఆనాక నట్టుకు గుర్తు పెట్టి, చుట్టులో మూడోవంతు తిప్పాలి. అంతకు మించి 6 అంగుళాల వరకు సగం. ప్లేట్లు ఆనకముందే తిప్పితే పక్క బోల్టు బిగిసేసరికి ముందుది వదులైపోతుంది, పెట్టిన గుర్తు మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. అందుకే గట్టిగా ఉన్న వైపు నుంచి అంచులకు వరసగా రావాలి. ఇది పక్కన జర్నీమన్ (శిక్షణ పూర్తయిన పనివాడు) నిలబడి చూపిస్తేనే అబ్బుతుంది.

నిప్పురవ్వ:
బోల్టింగ్ సంగతి ఒప్పుకుంటున్నా. ఏడాది డిప్లొమా నేనూ వద్దంటాను. దరఖాస్తు ఇచ్చేశాక, ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం కోర్సు ఒక్క సెమిస్టర్ చాలు.

ఉక్కుదూలం:
అలాగైతే సరే. కానీ ఫీజు కట్టకముందే లోకల్ శిక్షణ కేంద్రాన్ని అడగండి: ఆ కోర్సుకు ఇంటర్వ్యూలో మార్కులు కలుపుతారా, గంటల్లో మినహాయింపు ఇస్తారా అని. కాగితం మీద రాసి ఇవ్వకపోతే ఆ డబ్బు బూట్లకూ పనిముట్లకూ దాచుకోండి.