పిల్లాడి అలర్జీకి హైదరాబాద్ స్పెషలిస్టు కావాలా, మన ఊరి ఛెస్ట్ డాక్టరు చాలా?

ఖమ్మం అమ్మ:
మా బాబుకు ఎనిమిదేళ్లు. వానలు మొదలైన దగ్గర్నుంచి పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు, రాత్రిళ్లు దగ్గు, అప్పుడప్పుడు పిల్లికూతలు. పిల్లల డాక్టరు గారు ఇన్‌హేలర్ రాశారు. ఈలోపు చుట్టాలు చెప్పారని ల్యాబులో రక్తం ఇచ్చి పెద్ద అలర్జీ ప్యానెల్ (ఒకేసారి ఎన్నో వస్తువులకు చేసే పరీక్ష) చేయించాం. డస్ట్ మైట్‌కి (ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగు) క్లాస్ 4, బొద్దింకకి క్లాస్ 2, గోధుమ, వేరుశనగ, గుడ్డు, వంకాయలకి క్లాస్ 1 అని వచ్చింది, అంకె పెద్దదైతే అలర్జీ గుర్తు ఎక్కువట. ఆ రోజు నుంచి మా అత్తగారు చపాతీ, పల్లీ చట్నీ, గుడ్డు అన్నీ బంద్ పెట్టించారు. వాడు అంతకుముందు ఇవన్నీ శుభ్రంగా తినేవాడు, ఎప్పుడూ దద్దుర్లు గానీ వాంతులు గానీ లేవు. ఇప్పుడు స్కూలు బాక్సులో ఏం పెట్టాలో తెలియడం లేదు. మా వారు మిర్చి మార్కెట్‌లో పనిచేస్తారు, ఆయన రాగానే వాడికి దగ్గు ఎక్కువవుతుంది. హైదరాబాద్‌లో అలర్జీ స్పెషలిస్టు దగ్గర అలర్జీ తగ్గించే ఇంజెక్షన్లు (పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఎక్కించేవి) మొదలుపెట్టమని కొందరు, ఇక్కడే ఛెస్ట్ డాక్టరుకు చూపిస్తే చాలని కొందరు అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

డాలస్ బాబాయ్:
స్పెషలిస్టు దగ్గరికే వెళ్లండమ్మా. అమెరికాలో ముందు జనరల్ మెడిసినో పిల్లల వైద్యమో పూర్తిచేసి, ఆ తర్వాత మరో రెండేళ్లు అలర్జీ, ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి వైద్యం)లోనే శిక్షణ పొందితే తప్ప బోర్డు పరీక్షకు కూర్చోనివ్వరు. 1971 నుంచి దానికి సర్టిఫికెట్ ఇచ్చే వేరే బోర్డే ఉంది. పిల్లాడి ఆరోగ్యం దగ్గర సగం తెలిసినవాళ్లతో సరిపెట్టుకోకూడదు.

మానేరు గట్టు:
బాబాయ్, అక్కడి లెక్క ఇక్కడ నడ్వది. మన దగ్గర అలర్జీ స్పెషలిస్ట్ అని బోర్డు పెట్టుకున్నోళ్లల్ల చానామంది ఛెస్ట్, ఈఎన్‌టీ, చర్మం, పిల్లల డాక్టర్లే. తర్వాత అలర్జీల డిప్లొమానో, కొద్దిరోజుల ట్రైనింగో చేస్తరు. వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిల, ఢిల్లీ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌ల అసొంటి కోర్సులున్నయి. చేసినోళ్లని తక్కువ చేస్తలేను. కానీ బోర్డు జూసి బస్సెక్కుతే ఏం ఫాయిదా? ఖమ్మంల ఉన్న ఛెస్ట్ డాక్టరు కూడ ఆస్తమా చూసేటాయనే గదా. ఇగ ఇంజెక్షన్లంటరా, ఏండ్లకేండ్లు పైసలు గుంజుడే.

గోదారి గాలి:
అన్నా, ఆఖరి మాట ఒప్పుకోను. ఆ ఇంజెక్షన్లు నిన్న మొన్న పుట్టినవి కావు. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ అనే డాక్టరు పుప్పొడి వల్ల వచ్చే తుమ్ములు, జలుబుకు (హే ఫీవర్) మొదటిసారి వేసి ఫలితం ప్రచురించాడు. డస్ట్ మైట్ అలర్జీకి ఇవి పనిచేస్తాయని తర్వాత ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. నేనే డస్ట్ మైట్ కోర్సు పూర్తిచేశాను. ఏసీ గదిలో ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీసుకునేవాణ్ణి, ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాను. మూడు నుంచి ఐదేళ్లు పడుతుందని మొదటి రోజే చెప్పారు, దాపరికం ఏమీ లేదు.

మానేరు గట్టు:
నీకు పనిచేసింది, సంతోషం. మా మేనకోడలికి ఒకాయన దుమ్ము, బూజు, పుప్పొడి, పప్పులు అన్నీ కలిపి ఒకటే సీసాల మందు చేసిచ్చిండు. దానికి ఏం ఫరక్ పడలే. దీనికేమంటవ్?

గోదారి గాలి:
అది ఆ డాక్టరు పద్ధతిలో తప్పు. బాధపెడుతున్నవి ఒకటో రెండో తేల్చుకుని వాటికే ఇవ్వాలి. పప్పులకు ఇలా ఇంజెక్షన్లు వేయడం అసలు పద్ధతే కాదు.

బెజవాడ టెక్నీషియన్:
అక్కా, నేను అలర్జీ క్లినిక్‌లో స్కిన్ టెస్టులు చేస్తాను. ఎక్కడ చూపించాలి అనేదాని కంటే ఎలా చూసే డాక్టరు అన్నది ముఖ్యం అని నా నమ్మకం, అది గట్టిగానే చెబుతాను.

ముందు మీ రిపోర్టు సంగతి. రక్తంలో ఒకదానికి ఐజీఈ (అలర్జీలో పాలుపంచుకునే యాంటీబాడీ) కనిపించిందంటే ఒంటికి దాని పరిచయం ఉందని అర్థం, తింటే జబ్బు చేస్తుందని కాదు. ఎప్పుడూ ఏమీ కాకుండా తింటున్న గుడ్డును క్లాస్ 1 చూసి మానిపించకూడదు. అలా చాలాకాలం మానేసి మళ్లీ పెడితే అప్పుడు నిజంగా రియాక్షన్ వచ్చే ప్రమాదం కొందరు పిల్లల్లో ఉంటుంది, అందుకే ఈ వారమే డాక్టరుతో మాట్లాడి ఎలా మొదలుపెట్టాలో అడగండి. మంచి డాక్టరైతే ల్యాబు కాగితం కంటే ముందు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు: దగ్గు ఏ వేళ వస్తుంది, పరుపు ఎప్పటిది, గోడలకు చెమ్మ ఉందా, సెలవులకు ఊరెళ్తే తగ్గుతుందా. ఇవేమీ అడక్కుండా నలభై యాభై వస్తువుల ప్యానెల్ రాసేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) ఫుడ్ టెస్టులని అమ్ముతున్నారు, వాటితో అలర్జీ తేలదు.

స్కిన్ టెస్టు ఎలా ఉండాలో కూడా చెబుతాను, చూస్తే మీకే తెలిసిపోతుంది. ముంజేయి లోపలి వైపు పెన్నుతో గీతలు పెట్టి, పక్కపక్కన ఒక్కో అలర్జీ పదార్థపు ద్రవం చుక్క వేసి, చిన్న ముల్లుతో పైపైనే గుచ్చుతాం. రక్తం రాకూడదు. అందులో ఒక చుక్క ఉత్త ఉప్పునీరు, ఇంకోటి హిస్టమిన్ (చర్మాన్ని పొంగించే పదార్థం). హిస్టమిన్ దగ్గర దోమ కుట్టినట్టు పొంగాలి, ఉప్పునీటి దగ్గర పొంగకూడదు. పావుగంట ఆగి స్కేలుతో కొలుస్తాం, ఉప్పునీటి చుక్క కంటే 3 మిల్లీమీటర్లయినా ఎక్కువ పొంగితేనే పాజిటివ్. ఈ రెండు చుక్కలూ లేని టెస్టుకు విలువ లేదు. ఇంజెక్షన్ వేసే చోట అడ్రినలిన్ (ప్రాణాపాయ రియాక్షన్‌కు ఇచ్చే మందు) చేతికందేలా ఉండాలి, వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. వేసి వెంటనే పంపించేస్తున్నా, సీసా ఇచ్చి మీ ఊళ్లో ఆర్‌ఎంపీ చేత వేయించుకోమన్నా ఒప్పుకోకండి.

మీ బాబు విషయంలో ఇంకోటి. ఆస్తమా అదుపులోకి రాకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టకూడదు. కాబట్టి మొదటి పని ఖమ్మంలోనే అవుతుంది. ఇన్‌హేలర్ స్పేసర్‌తో (దానికి తగిలించే గొట్టంతో) సరిగ్గా పీలుస్తున్నాడో లేదో డాక్టరు ముందే చేయించి చూపించండి. స్టెరాయిడ్ అని భయపడకండి, ఇన్‌హేలర్‌లో డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, పీల్చాక నోరు పుక్కిలిస్తే సరిపోతుంది. మిర్చి ఘాటు అలర్జీ కాదు, ఊపిరి గొట్టాలను మండిస్తుంది, ఏ టెస్టులోనూ కనపడదు. బావగారిని వచ్చీ రాగానే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బాబును దగ్గరకు తీసుకోమనండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా మరిగిన వేడినీళ్లలో ఉతకండి.

వాల్తేరు వాసి:
ఊరి డాక్టరు వైపు నాదొక మాట. 2014లో హుద్‌హుద్ తుపాను చెట్లన్నీ కూల్చేశాక వైజాగ్‌లో రోడ్ల పక్కన ఏడాకుల పాల మొక్కలు బాగా నాటారు. అక్టోబరు, నవంబరుల్లో అవి పూస్తే ఆ ఘాటు వాసనకు ఆయాసం ఉన్నవాళ్లు అల్లాడిపోతారు. ఇది ఇక్కడి డాక్టర్లకు అడక్కుండానే తెలుసు. ఎక్కడో దూరాన కూర్చున్న స్పెషలిస్టుకు మనమే చెప్పాలి.

కార్తె పెద్దాయన:
ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారు చేప ప్రసాదం వేస్తారు కదమ్మా. ఒకసారి ప్రయత్నించకూడదూ?

బెజవాడ టెక్నీషియన్:
పెద్దాయనా, మీ నమ్మకాన్ని కాదనను. కానీ దాంతో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. అది వేయించారని ఇన్‌హేలర్ మానేసి, పెదాలు నీలంగా మారాక పరుగెత్తుకొచ్చిన పిల్లల్ని చూశాను. ఇన్‌హేలర్ మాత్రం ఆపించకండి, చేతులెత్తి దండం పెడతాను.

కర్నూలు తల్లి:
ఇమ్యునాలజీ అన్న బోర్డు గురించి ఒక్క మాట. మా పాపకు మాటిమాటికీ న్యుమోనియా వస్తుంటే క్లినికల్ ఇమ్యునాలజీ అని చూసి వెళ్లాం. అక్కడ వరసంతా కీళ్లవాతం పేషెంట్లే. మన దగ్గర ఆ విభాగం రుమటాలజీతో కలిసే ఉంటుంది. పిల్లలకు పుట్టుకతో రోగనిరోధక శక్తి లోపం ఉంటే చూసేవాళ్లు వేరు, చాలా తక్కువమంది. అలాంటి అనుమానం ఉంటే మాత్రం పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే, ఊళ్లో కాలయాపన చేయకూడదు.

డాలస్ బాబాయ్:
ఈ మాట మీద నేనూ నిలబడతాను. ఏదైనా తిన్న వెంటనే ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పట్టేయడం, స్పృహ తప్పడం ఉన్నా, మందులు పడకపోయినా దూరం లెక్కచేయకండి. అయితే ఇక్కడ ఆ బాబుకు అలాంటివేమీ లేవు కాబట్టి తొందరపడక్కర్లేదనే ఒప్పుకుంటాను. ఎవరి దగ్గరికి వెళ్లినా మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, వాళ్ల డిగ్రీలు ఆన్‌లైన్‌లో చూసుకోండి.

మానేరు గట్టు:
గిది మంచిగ చెప్పిన్రు. ఇంజెక్షన్ల మీద మాత్రం నా డౌటు నాకున్నది.

ఖమ్మం అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్. సోమవారం ఇక్కడి ఛెస్ట్ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, గుడ్డు సంగతి కూడా అడుగుతాను. మా అత్తగారికి టెక్నీషియన్ గారి మెసేజ్ చదివి వినిపించాను, డాక్టరు చెబితే సరే అన్నారు. ఒక్క అనుమానం. ముందుముందు స్కిన్ టెస్టు చేస్తామంటే మందులన్నీ ఆపాలా? తుమ్ముల సిరప్ ఆపితే వాడు తుమ్ములతో నిలవలేడు.

బెజవాడ టెక్నీషియన్:
సెట్రిజిన్ లాంటి తుమ్ముల మందు టెస్టుకు దాదాపు వారం ముందు ఆపాలి అక్కా, లేకపోతే చర్మం పొంగదు. ఇన్‌హేలర్ ఆపక్కర్లేదు. సిరప్ లేకుండా వాడు ఉండలేడనుకుంటే ఆ మాట ముందే చెప్పండి. డస్ట్ మైట్‌కి రక్తపరీక్ష మీ దగ్గర ఎలాగూ ఉంది, వాడి లక్షణాలు దానికి సరిపోతే డాక్టరు దాంతోనే ముందుకెళ్లొచ్చు.