ప్లైవుడ్ అల్మారాకి తెల్ల ఎనామిల్: ముందు ప్రైమరా, లప్పమా?

కొత్తచేయి:
19 ఎం.ఎం. ప్లైవుడ్‌తో అల్మారా చేశాను. ఎత్తు 5 అడుగులు, వెడల్పు 3, లోతు 1.5, లోపల మూడు అరలు. తలుపుల చుట్టూ టేకు బీడింగ్ (సన్నటి చెక్క పట్టీ) ఉంది. తెల్ల ఎనామిల్ వేయాలి. గోడలకి వాడిన పుట్టీ కొంత మిగిలింది, దీనికి వాడొచ్చా? రంగు ఎంత తెచ్చుకోవాలి?

రంపంపొట్టు:
గోడ పుట్టీ వద్దండి. అది సిమెంటుది, నీళ్లతో కలపాలి. ఆ తడికి ప్లైవుడ్ పైపొర ఉబ్బుతుంది. పైగా చెక్క వానాకాలం పెరిగి ఎండాకాలం తగ్గుతుంది, సిమెంటు సాగదు, కాబట్టి పెచ్చులుగా లేస్తుంది. చెక్కకని అమ్మే లప్పమే (గుంటలు పూడ్చే ముద్ద) తీసుకోండి.

ముందు ప్రైమరే, అంటే అడుగు పూత. 120 నంబరు ఉప్పుకాగితంతో చెక్క పోగు వెంబడి రుద్దండి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు ఎనామిల్ మెరుపులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దుమ్ము తుడిచి, కాస్త టర్పెంటైన్ కలిపిన వుడ్ ప్రైమర్ ఒక చేయి, అంటే ఒక పూత. అది ఆరాకే లప్పం. పచ్చి చెక్క మీద లప్పం పెడితే అందులోని నూనెను చెక్క పీల్చేసుకుంటుంది, మిగిలేది పొడే. తర్వాత 180తో రుద్ది రెండో చేయి ప్రైమర్, 320తో సాపు, ఆపైన ఎనామిల్ రెండు చేతులు.

బీడింగ్ లేని ప్లైవుడ్ అంచులకి లప్పం రెండుసార్లు పెట్టండి. అక్కడ పోగు తెరుచుకుని ఉంటుంది, ఎంత వేసినా తాగేస్తుంది.

పాలిష్‌బాబాయ్:
పైన చెప్పింది సరే, టేకు సంగతి మిగిలింది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, దాని మీద ప్రైమర్ త్వరగా ఆరదు. ఎన్.సి. థిన్నర్‌లో (లక్కర్‌ని పలుచన చేసే ద్రవం) తడిపిన గుడ్డతో బీడింగ్ తుడిచి, థిన్నర్ ఎగిరిపోయిన వెంటనే పని మొదలెట్టాలి. తెల్ల రంగు కాబట్టి ప్రైమర్‌కి ముందు స్పిరిట్‌లో కరిగించిన చపడా లక్క ఒక పలుచటి చేయి వేయండి, లేకపోతే గోధుమ మరకలు పైకి తేలతాయి.

ఇంకోటి: ఆయిల్ ఎనామిల్ తెలుపు వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది. అల్మారా లోపల ఎప్పుడూ చీకటే. అక్కడికి నీళ్ల ఎనామిల్ గానీ, ముందే ఐవరీ రంగు గానీ ఎంచుకుంటే నయం.

రంపంపొట్టు:
ఐవరీ మాట బాగుంది. లెక్క చూస్తే లోపలా బయటా కలిపి 105 చదరపు అడుగుల పైమాటే. లీటరు ఎనామిల్ ఒక చేతికి దాదాపు 100 చదరపు అడుగులు వస్తుంది. రెండు చేతులకి 2 లీటర్లు తెచ్చుకుని, చివర కాస్త తగ్గితే చిన్న డబ్బా తెచ్చుకోండి.

కొత్తచేయి:
తలుపుల లోపలి వైపు వేయకపోతే రంగు మిగులుతుంది కదా?

పాలిష్‌బాబాయ్:
మిగులుతుంది, తలుపు వంగుతుంది. రంగు వేసిన వైపు గాలిలో తేమ పీల్చదు, వేయని వైపు పీల్చి పెరుగుతుంది. రెండు వైపులా అన్నే చేతులు వేయాలి.

కీలు విప్పి, తలుపులు పడుకోబెట్టి వేయండి, రంగు కిందికి జారదు. చేతికి అంటకపోయినంత మాత్రాన గట్టిపడినట్టు కాదు. వారం దాకా తలుపు మూయొద్దు, మూస్తే చట్రానికి అతుక్కుని, తెరిచినప్పుడు రంగు ఊడొస్తుంది. తలుపుకీ చట్రానికీ మధ్య 2 ఎం.ఎం. సందు ఉందో లేదో రంగు వేయకముందే చూసుకోండి. చాలకపోతే ఇప్పుడే చిత్రిక పట్టండి.