జనం పస్తులుంటే 60 లక్షల పందులను చంపించడం సబబేనా? – అమెరికా, 1933

గోదారిగట్టు:
మహామాంద్యం గురించి ఎప్పుడు మాట వచ్చినా ఈ పందుల సంగతి దగ్గరికొచ్చి చర్చ పక్కదారి పడుతోంది. అందుకే విడిగా పెడుతున్నాను.

1933లో అమెరికాలో పని చేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. నగరాల్లో ఉచిత రొట్టె కోసం వీధి పొడవునా బారులు. అదే ఏడాది ఆగస్టు చివర్లో వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ శాఖ పందులు కొనడం మొదలుపెట్టింది. కొద్ది వారాల్లోనే 60 లక్షలకు పైగా పంది పిల్లలు, 2 లక్షల పైచిలుకు సూడి పందులు కబేళాలకు చేరాయి. ఉద్దేశం ఒకటే, ముందు ముందు మార్కెట్‌కు వచ్చే సరుకు తగ్గించి ధర లేపడం. ఆ పిల్లల్లో ఎక్కువ భాగం ఎవరి కంచంలోకీ రాలేదు. కరిగించి కొవ్వు తీశారు, మిగిలింది ఎరువయింది.

నా దృష్టిలో ఇది తప్పు. ప్రభుత్వం కొనడమంటూ చేస్తే పెంచి, కోసి, పస్తులున్నవాళ్లకు పంచాలి. రైతుకూ ధర వస్తుంది, వాళ్ల కడుపూ నిండుతుంది. ఒప్పుకోనివాళ్లు కారణాలతో చెప్పండి.

మొక్కజొన్న_లెక్క:
తప్పు అనేముందు రైతు వేసుకునే లెక్క చూడండి. మొక్కజొన్న, పందులు పెంచే అయోవా రాష్ట్రంలో రైతుకు ఒక కొలబద్ద ఉండేది. 100 పౌండ్ల బతికున్న పంది అమ్మిన డబ్బుతో ఎన్ని బుషెళ్ల మొక్కజొన్న వస్తుంది? బుషెల్ అంటే 56 పౌండ్లు, మనకు పాతిక కిలోలు. పదకొండు, పన్నెండు బుషెళ్లు వస్తే ఖర్చుకూ రాబడికీ సరి. అంతకు తగ్గితే పందిని మేపడం దండగ.

1932 చివరికి అయోవాలో కొన్నిచోట్ల బుషెల్ మొక్కజొన్న 10, 12 సెంట్లకు పడిపోయింది. పంది 100 పౌండ్లకు 3 డాలర్ల లోపు. కొలబద్ద ప్రకారం 20 బుషెళ్లు దాటింది. అంటే రెండూ నష్టమే, కానీ గింజలు అమ్ముకోవడం కంటే పందికి వేయడం తక్కువ నష్టం. గింజలు రైలెక్కిస్తే కిరాయి కూడా గిట్టని చోట బొగ్గుకు బదులు కంకులనే పొయ్యిలో పెట్టారు. మిగిలినవాళ్లంతా ఇంకో ఈత వేయించారు. ధర పడ్డకొద్దీ పందులు పెరిగాయి, పందులు పెరిగినకొద్దీ ధర పడింది. ఒక్క రైతు మానుకుంటే వాడొక్కడే మునుగుతాడు, అందరూ ఒకేసారి మానుకుంటేనే ఫలితం. ఆ "అందరూ ఒకేసారి" అన్నది ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చేయించలేరు.

ఇంకో అంకె. ఆర్థికవేత్త గార్డినర్ మీన్స్ 1929 నుంచి 1933 వసంతం దాకా పోల్చి చూశాడు. వ్యవసాయ పనిముట్ల కంపెనీలు ఉత్పత్తిని 80 శాతం తగ్గించుకున్నాయి, ధర మాత్రం 6 శాతమే తగ్గింది. పంటల్లో దీనికి తలకిందులు: ఉత్పత్తి 6 శాతం తగ్గింది, ధర 63 శాతం పడింది. ట్రాక్టర్ ఫ్యాక్టరీకి తాళం పడితే ఎవరూ పాపం అనలేదు. పంది దొడ్డి ఖాళీ చేస్తే పాపమా?

గోదారిగట్టు:
ఫ్యాక్టరీ పోలిక నాకు రుచించలేదు. ట్రాక్టర్ లేకపోతే మనిషి చావడు. అయినా మీ లెక్క తగ్గించమంటోంది, పారేయమనడం లేదు. ప్రభుత్వం రైతులతో చేసుకున్న 1934 ఒప్పందంలో చేసింది తగ్గింపే కదా: ఈతలు పాతిక శాతం తగ్గించాలి, మొక్కజొన్న విస్తీర్ణం కనీసం 20 శాతం తగ్గించాలి, అలా చేసినవాళ్లకు డబ్బు. అదే పని ఏడాది ముందు చేయొచ్చుగా?

మొక్కజొన్న_లెక్క:
చేయడానికి వీల్లేదండీ. సాగు తగ్గించినవాళ్లకు డబ్బు ఇచ్చే ఆ వ్యవసాయ చట్టం మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం 1933 మే 12న పడింది. పంది చూలు 114 రోజులు. వసంతంలో పుట్టాల్సిన పిల్లలు అప్పటికే పుట్టేశాయి, శరదృతువు ఈతకు కూడా చాలా పందులు కట్టాయి. చట్టం వచ్చేసరికి ఆ చలికాలం సరుకు దొడ్లో తిరుగుతోంది. ఒప్పందంతో ఆపగలిగింది 1934 సరుకును మాత్రమే.

ఇంకో ఏడాది ఆగే ఓపిక పల్లెల్లో లేదు. జప్తు వేలంపాటల్లో ఇరుగుపొరుగు రైతులు గుమిగూడి అణాకానీకి పాడి, ఆ సొత్తు అసలు యజమానికే తిరిగి ఇచ్చేస్తున్న రోజులవి. ఏప్రిల్ నెలాఖరులో అయోవాలోని లె మార్స్‌లో జప్తు ఉత్తర్వులు ఇస్తున్నాడని జడ్జిని కోర్టులోంచి ఈడ్చుకెళ్లి మెడకు ఉరితాడు వేశారు. చంపలేదు గానీ తాడు మాత్రం వేశారు.

ఉప్పుబాన:
పారేశారన్న మాటకు సాంకేతికమైన జవాబు ఉంది, సగం చర్చ అది తెలియకనే జరుగుతోంది.

ప్రభుత్వం కొన్నది 25 నుంచి 100 పౌండ్ల పిల్లల్ని. షికాగో ధర ఇలా ఉండేది: 25–30 పౌండ్ల పిల్లకు 100 పౌండ్ల లెక్కన 9.50 డాలర్లు, బరువు పెరిగేకొద్దీ తగ్గుతూ 100 పౌండ్ల దానికి 6 డాలర్లు. 30 పౌండ్ల పిల్ల తోలితే రైతు చేతికి 2.85 డాలర్లు, ఇక మేపే ఖర్చు లేదు. చిన్నదానికే ఎక్కువ రేటు ఎందుకంటే, ఎంత చిన్నప్పుడు తీసేస్తే అంత మొక్కజొన్న మిగులుతుంది.

చిక్కు కబేళాలో వచ్చింది. పందిని పొడిచాక వేడినీళ్ల తొట్టిలో ముంచి, వెంట్రుకలు గీకే యంత్రంలోకి పంపుతారు. షికాగో, ఒమాహా యంత్రాలు 200 పౌండ్లు దాటిన పందికి అమర్చినవి. చిన్నపిల్ల అందులో నిలవదు. అందుకని 80 పౌండ్ల పైవాటినే కోసి, పొడి ఉప్పు పట్టించి నిల్వ చేశారు. కిందివి నేరుగా కరిగించే గుండిగల్లోకి వెళ్లాయి. దొడ్ల కంచెలు కూడా పెద్ద పందులకు కట్టినవే. పిల్లలు సందుల్లోంచి దూరి వీధుల్లో పరుగులు పెట్టాయి. కరిగించగా వచ్చిన సరుకు దాచడానికి చోటు చాలక కొంత నదుల్లో పడేశారు. ఆ భాగాన్ని నేనూ సమర్థించను.

ఉప్పు మాంసం మాత్రం దాదాపు 10 కోట్ల పౌండ్లు పేదలకు చేరింది. 30 లక్షల కుటుంబాలకు సమంగా పంచినట్టు లెక్క వేస్తే ఇంటికి 33 పౌండ్లు. అందులో గింజంతైనా వృథా అనలేం.

గోదారిగట్టు:
80 పౌండ్ల లోపువాటిని యంత్రం పట్టలేదు సరే, చేతులు పట్టవా? పల్లెల్లో ప్రతి ఇంటా చేత్తోనే గీకేవాళ్లు. కోటి మందికి పైగా పని లేకుండా కూర్చున్న దేశంలో కత్తి పట్టేవాడు దొరకలేదంటే నేను నమ్మను.

ఉప్పుబాన:
మనుషులు దొరుకుతారు. మాంసం నిలవదు. షికాగో, ఒమాహా ఉన్న ఇల్లినాయి, నెబ్రాస్కాల్లో ఆగస్టు, సెప్టెంబరు ఎండకాలమే. పల్లెవాడు పందిని కోసేది చలి పడ్డాక, అదీ ఏడాదికి ఒకటో రెండో. పొడి ఉప్పు పద్ధతికి కొవ్వు మందంగా ఉన్న పక్క ముక్క కావాలి. 40 పౌండ్ల పిల్ల మాంసం మెత్తగా నీళ్లతో ఉంటుంది, కొవ్వు పొర పలచన. ఉప్పు లోపలికి దిగేలోపే ఎముక పక్కన పులిసిపోతుంది. వెంటనే వండి పెట్టాలి, లేదా శీతల గిడ్డంగి కావాలి. అన్ని లక్షల పిల్లలకు అంత ఏర్పాటు కొద్ది వారాల్లో జరగదు.

మీ మాటలో ఒక న్యాయం మాత్రం ఉంది. కబేళాల చుట్టుపక్కల ఊళ్లలోనైనా రోజూ తాజాగా పంచి ఉండొచ్చు. పంచే సంస్థే అప్పటికి లేదు. మిగులు సరుకును పేదలకు చేర్చే ఫెడరల్ కార్పొరేషన్‌ను అక్టోబరు 4న పెట్టారు, పిల్లలు దాదాపు అయిపోయాక. నాకు కనబడే అసలు తప్పు అది: ముందు పెట్టాల్సింది వెనక పెట్టారు.

సంగోరు:
మీరంతా పందుల దగ్గరే ఉండిపోయారు. అదే వేసవిలో దక్షిణాదిన దున్నేసిన పత్తి చూడండి. 1 కోటి ఎకరాలకు పైగా, కాయ పట్టిన చేను. ఎకరానికి 7 నుంచి 20 డాలర్ల పరిహారం. సాళ్లను తొక్కకుండా నడవడం నేర్పిన కంచర గాడిదలు సాలు మీదికి రాకుండా మొరాయించాయి. వాటికి అలవాటైన దారి సాళ్ల మధ్యే.

ఈ డబ్బు ఎవరికి చేరిందన్నదే నా ప్రశ్న. 1934–35 పత్తి ఒప్పందంలో బీడు పెట్టిన భూమికి, అందులో పండాల్సిన దూది మీద పౌండుకు నాలుగున్నర సెంట్లు కట్టారు. సంగోరుకు, అంటే పంటలో వాటాకు భూస్వామి చేను చేసేవాడి వాటా అందులో అర సెంటు, మిగతా నాలుగు భూస్వామివి. ఎకరానికి 175 పౌండ్ల దూది అనుకోండి. భూస్వామికి 7 డాలర్లు, చెమటోడ్చినవాడికి 87 సెంట్లు. ఆ 87 సెంట్లు కూడా చాలాచోట్ల భూస్వామి కొట్టు ఖాతాలో జమ అయిపోయేవి.

ఒప్పందం ఏడో సెక్షన్‌లో కౌలుదార్ల సంఖ్య మామూలుగా ఉన్నంత ఉంచుకోవాలని రాశారు, పక్కనే "వీలైనంత వరకు" అని తోక తగిలించారు. సాగు తగ్గింది కాబట్టి మనుషులు అక్కర్లేదని గుడిసెలు ఖాళీ చేయించారు. 1934 జూలైలో ఆర్కన్సాలోని టైరోంజా దగ్గర తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి కౌలుదార్ల సంఘం పెట్టింది దీనిమీదే. కౌలుదారు పక్షాన ఆ సెక్షన్‌ను గట్టిగా అమలు చేయాలన్న జెరోమ్ ఫ్రాంక్‌నూ, ఆయన తోటి లాయర్లనూ 1935 ఫిబ్రవరిలో శాఖ నుంచి తీసేశారు. పంది చచ్చిందని దేశమంతా గోల పెట్టింది. మనిషి రోడ్డున పడితే అంత గోల లేదు.

మదనపల్లె_మండీ:
సంగోరు గారి మాట మన దగ్గర కూడా చూస్తున్నదే. ధర లేక టమాటా రోడ్డు మీద పారబోసినప్పుడు ఫోటో వస్తుంది. పరిహారం పట్టాదారు ఖాతాలో పడి, కౌలు రైతు ఖాళీ చేతులతో మిగిలితే రాదు. ఒక సందేహం: ఇంత చేశాక పంది ధర పెరిగిందా?

మొక్కజొన్న_లెక్క:
నా వాదనకు బలం తగ్గే చోటు ఇదే, దాచను. 1933–34 చలికాలంలో ధర పెద్దగా కదల్లేదు. రెండు కారణాలు. ఒకటి, 10 లక్షల సూడి పందులు వస్తాయనుకుంటే అందులో నాలుగో వంతు కూడా రాలేదు. మార్కెట్ ధర పైన తలకు 4 డాలర్లు ఇస్తామన్నా రైతు తోలలేదు. పక్కవాడు తోలితే నా పిల్లలకు ధర వస్తుందని ప్రతివాడూ ఆగాడు. రెండోది, పథకం ఖర్చుకు కబేళాల మీద వేసిన పన్ను. 1933 నవంబరులో 100 పౌండ్లకు అర డాలరుతో మొదలై, 1934 మార్చికి 2.25 డాలర్లు అయింది. కబేళావాళ్లు అందులో చాలా భాగాన్ని రైతుకిచ్చే ధరలోంచే కోసుకున్నారు.

ధరను నిజంగా లేపింది 1934 కరువు. 1935కు 100 పౌండ్లకు 8 డాలర్లు దాటింది. అయితే ఆ కరువులో మేత లేక ప్రభుత్వం 80 లక్షలకు పైగా పశువుల్ని కొనాల్సి వచ్చింది. ముందే తీసేసిన ఆ పందులు కూడా అప్పుడు దొడ్లో ఉంటే ఎండిన చేల మధ్య ఏం పెట్టేవాళ్లు?

గోదారిగట్టు:
కరువు వస్తుందని 1933లో ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని సమర్థనగా ఒప్పుకోను.

ఆ 8 డాలర్ల ధరకు రెండో వైపు కూడా రాయండి. 1935 వేసవిలో డెట్రాయిట్ పక్కన హామ్‌ట్రామిక్‌లో ఇల్లాళ్లు మాంసం కొట్ల ముందు అడ్డంగా నిలబడి కొనుగోళ్లు ఆపించారు. మేరీ జుక్ నాయకత్వంలో వాషింగ్టన్ దాకా వెళ్లి వాలెస్‌నే నిలదీశారు. కూలి పెరగకుండా ధర మాత్రమే పెంచితే రైతు దగ్గరి లోటు తెచ్చి ఫ్యాక్టరీ కూలీ నెత్తిన వేసినట్టే.

ఉప్పుబాన:
దానికి వాలెస్ శాఖే ఆలస్యంగా ఒక దారి వెతికింది. 1939 మే 16న న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో తిండి సరుకులు కొనుక్కునే స్టాంపులు మొదలయ్యాయి. సహాయం పొందే కుటుంబం డాలరు పెట్టి నారింజ రంగు స్టాంపులు కొంటే, అర డాలరు విలువైన నీలం స్టాంపులు ఉచితం. నారింజ రంగువి ఏ తిండికైనా చెల్లుతాయి. నీలంవి మిగులుగా ప్రకటించిన సరుకుకే: వెన్న, గుడ్లు, ఎండు చిక్కుళ్లు, పిండి, నారింజలు లాంటివి. సరుకు మామూలు కొట్టు నుంచే వెళ్తుంది కాబట్టి వేరే గిడ్డంగి, వేరే బండి అక్కర్లేదు. గోదారిగట్టు గారు మొదట అడిగింది ఇదే. 1933లో కబేళాకు తోలిన పిల్లలకు ఇది ఆరేళ్లు ఆలస్యం.

సంగోరు:
ఆ స్టాంపులో కూడా ఒక మెలిక ఉంది. నీలంవి రావాలంటే ముందు నారింజవి కొనాలి, అంటే చేతిలో రొక్కం ఉండాలి. ఆర్కన్సాలో గుడిసెలోంచి గెంటేసినవాడి దగ్గర ఆ డాలరు ఉండదు. ఆ పథకం 1943లో ఆగింది. 1960లలో స్టాంపులు మళ్లీ వచ్చినప్పుడు ముందు డబ్బు కట్టాలన్న షరతూ వెంట వచ్చింది. దాన్ని ఎత్తేసింది 1977 చట్టం.