1, 7, 19, 37... తర్వాత 61. కానీ ఎందుకు?

లెక్కలంటే_దూరం:
మా అమ్మాయి ఆరో తరగతి. 1, 7, 19, 37, తర్వాతి సంఖ్య రాయమని హోంవర్క్ ఇచ్చారు. అన్నీ ప్రధాన సంఖ్యలే కదా అన్నాను. "1 ప్రధాన సంఖ్య కాదమ్మా" అని పిల్లే నా నోరు మూయించింది. తేడాలు తీస్తే 6, 12, 18 వచ్చాయి. ఇంకేం, 37కి 24 కలిపి 61 వేశాం. జవాబు సరిపోయింది గానీ "ఆరేసి చొప్పున ఎందుకు పెరుగుతోంది?" అని పట్టుకుంది. బొమ్మ వేసి చూపించే దారి ఏమైనా ఉందా?

ముగ్గుల_పిచ్చి:
సందు చుక్కల ముగ్గు పెట్టించండి, అంటే ఒక వరస చుక్కల సందుల్లో తర్వాతి వరస చుక్కలు. 3 చుక్కలు 2 వరకు అంటే 2, 3, 2. మొత్తం 7. 5 చుక్కలు 3 వరకు అయితే 3, 4, 5, 4, 3. మొత్తం 19. 7 చుక్కలు 4 వరకు పెడితే 37. మీ లెక్క వాకిట్లోనే ఉంది!

రిటైర్డ్_మాస్టారు:
పైన అమ్మాయి బాగా చెప్పింది. ఆ చుక్కల అంచు ఆరు భుజాల బొమ్మ. నడిమి చుక్క చుట్టూ 6, దాని చుట్టూ 12, ఆ పైన 18. బయటి చుట్టుకి వెళ్లిన కొద్దీ ఒక్కో భుజం మీద ఒక్కో చుక్క పెరుగుతుంది. భుజాలు ఆరు కాబట్టి ఆరు. ఒక జాగ్రత్త: భుజానికి 3 చుక్కలున్న చుట్టుని 6×3=18 అనేస్తారు పిల్లలు. మూలలు రెండేసి సార్లు లెక్కకొచ్చాయి, ఆ 6 తీసేస్తే 12. ఇంకోటి, మీ సంఖ్యలు వరసగా కలుపుతూ పొండి: 1, 8, 27, 64. అన్నీ ఘనాలే.

లెక్కలంటే_దూరం:
చింతగింజలతో పేర్చాం మాస్టారూ. మూడో చుట్టు దగ్గర 17 వచ్చి కాసేపు కంగారుపడ్డాం, ఒక గింజ చాప కిందకి దొర్లిపోయింది. 9 చుక్కలు 5 వరకు పెడితే సరిగ్గా 61. అంతలో మా అత్తగారు వచ్చి ఎదురు చుక్క (చుక్కకి ఎదురుగా చుక్క) 7, 1 వరకు పెట్టారు, అంటే 1, 3, 5, 7, 5, 3, 1. అది 25! ఇక్కడ ఆరు ఏమైపోయిందని మళ్లీ మొదలు.

రిటైర్డ్_మాస్టారు:
తల కాస్త వంచి ఏటవాలుగా చూడమనండి. నాలుగేసి చుక్కల వరసలు 4, మధ్య మధ్యలో మూడేసివి 3. అంటే 16, 9, కలిపితే 25.