అప్‌డేట్: థెరపిస్టును మార్చాలా అని అడిగాను కదా

నాన్న రోజూ చేసే ఫోన్లూ, తమ్ముడి ఫీజుకి నేను పంపే డబ్బూ విని "హద్దులు పెట్టుకో" అంటున్న అమెరికన్ థెరపిస్టు గురించి డాలస్ నుంచి అడిగింది నేనే. చాలామంది మార్చెయ్యమన్నారు. ప్రస్తుతానికి మార్చలేదు.

ఒకరిచ్చిన సలహా పనిచేసింది. మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి అమెరికాలో వాడే పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ అని, మన సంస్కృతిని బట్టి సమస్యను అర్థం చేసుకునేందుకు 16 ప్రశ్నలున్నాయి, అవి నన్ను అడగండి అని థెరపిస్టుతో అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, ఒక సెషన్ మొత్తం దానికే ఇచ్చారు. మీ బాధను ఇంట్లోవాళ్లకైతే ఎలా చెప్తారని అడిగారు. "నిద్ర పట్టట్లేదు, గుండె దడగా ఉంది అంటాను. డిప్రెషన్ అన్నానంటే అమ్మ మర్నాడే ఇక్కడికి వచ్చేస్తా, వీసా అంటుంది" అన్నాను. నవ్వి, రాసుకున్నారు. డబ్బు సంగతి మళ్లీ ఎత్తలేదు. అసలు చిక్కు ఫోను వేళది: నాన్న పొద్దుటి కాఫీ టైము ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, పిల్లాణ్ణి పడుకోబెట్టే వేళ. ఆ కాల్ నా పొద్దుటికి, ఆయన సాయంత్రానికి మార్చాం. నాన్న ఏమీ అనుకోలేదు.

పెద్దలు కుదిర్చిన పెళ్లి అనగానే ఆవిడ మొహంలో కనిపించే జాలి మాత్రం ఇంకా భరించలేను.

హైదరాబాద్ థెరపిస్టులతో జూమ్‌లో మాట్లాడమన్నవాళ్లకి: మనం ఉన్న రాష్ట్రంలో చెల్లే లైసెన్సు ఉండాలండీ. వేరే రాష్ట్రపు సైకాలజిస్టులైతే సైప్యాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందం కింద కుదరొచ్చు, టెక్సస్ అందులో ఉంది. అలా న్యూజెర్సీలో ఒక తెలుగావిడ దొరికారు. మా ఇన్సూరెన్స్ తీసుకోరట. పైగా మా అత్తగారి చుట్టాలకి బాగా తెలిసినావిడట. వద్దులెండి.